టీవీ గొంతు నొక్కి చూస్తే

పోయిన వేసవిలో మా పక్క వీధిలో గ్యారేజీ సేల్ పెడితే, మా పన్నెండేళ్ల వాడు పది డాలర్లకు ఒక ప్లాస్టిక్ గిటార్ కొనుక్కొచ్చాడు. దానికి తీగలు లేవు. మెడ మీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగుల్లో ఐదు బటన్లు, తీగలు ఉండాల్సిన చోట పైకీ కిందికీ ఊగే మీట ఒకటి ఉన్నాయి. దాంతోపాటు నింటెండో వాళ్ల పాత వీ గేమ్ కన్సోలు, దాని మీద ఆడే గిటార్ హీరో ఆట డిస్కు. ఈ ఆట మొదట వచ్చింది 2005లో. అంటే వాడు పుట్టకముందే వచ్చి, ఒక ఊపు ఊపి, అటకెక్కిన వస్తువు.

నేను అడ్డు చెప్పకపోవడంలో నా స్వార్థం నాకుంది. ఆన్‌లైన్ కర్ణాటక సంగీతం క్లాసులో వాడు జంట వరసల పాఠం దగ్గర కెమెరా ఆపేసి, వారం తరవాత నోరు కూడా ఆపేశాడు. ఇలాగైనా సంగీతం పట్టుబడుతుందేమోనని ఆశపడ్డాను. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా చుట్టుపక్కల తెలుగు ఇళ్లన్నింటిలోనూ ఈ ఆశ ఏదో ఒక రూపంలో ఉంటుంది లెండి.

నెల తిరిగేసరికి వాడి వేళ్లు బటన్ల మీద పరుగులు తీస్తున్నాయి. తెర మీద దూరం నుంచి రంగు బిళ్లలు దొర్లుకుంటూ వస్తాయి. అవి గీత దగ్గరకు చేరగానే ఆ రంగు నొక్కి మీట కొట్టాలి. గురి తప్పితే పాటలో గిటార్ నోరు పడిపోతుంది. వాడికి 94 శాతం వచ్చింది. గిటార్ వచ్చేసినట్టే అనుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ అనుకున్నాను.

అప్పటికి మా అమ్మ విజయవాడ నుంచి వచ్చి రెండు వారాలైంది. చిన్నప్పటి నుంచీ వీణ వాయించే మనిషి. వంటింట్లో కూర్చుని పెరటి గోంగూర ఒలుస్తూ, "వాడేమిటే, ప్రతి దెబ్బా ముందే వేసేస్తున్నాడు?" అంది.

వాడికి రోషం వచ్చింది. "అమ్మమ్మా, నైంటీ ఫోర్!" అని తెర చూపించాడు. అమ్మ తెర వైపు చూడనే లేదు. నేను వెళ్లి కళ్లు మూసుకుని నిలబడ్డాను. నిజమే. మీట టక్కుమన్నాక ఒక్క పిసరు ఆగి పాట వినబడుతోంది. మేం సినిమాల కోసం తగిలించిన సౌండ్ బార్ వల్ల శబ్దం బొమ్మకంటే వెనకబడుతోంది. వాడు బిళ్లలను చూసి కొడుతున్నాడు కాబట్టి ఆ తేడా వాడికి తెలియలేదు. నెల రోజులుగా తెలియలేదు!

"టీవీ గొంతు నొక్కి ఆడు నాన్నా, చూద్దాం" అంది అమ్మ. శబ్దం పూర్తిగా ఆపేసి అదే పాట ఆడాడు. 91 శాతం.

మూడు శాతమే తగ్గింది. ఆ ఆటలో వాడి చెవి చేస్తున్న పనంతా కలిపితే అంతే. అమ్మమ్మ వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో పంపే తెలుగును వాడు గడగడా చదివేస్తాడు. అదే మాట తెలుగు లిపిలో పంపితే నా దగ్గరకు తెస్తాడు. ఆ సాయంత్రం నాకు ఆ రంగు బిళ్లలు అలాగే కనిపించాయి.

అక్టోబరులో పాతదే అయినా అసలు ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాం. రాక్‌స్మిత్ అనే ఇంకో ఆట ఉంది, 2011లో మొదలైంది. అందులో బొమ్మ గిటార్‌తో పని లేదు. అసలు గిటార్‌కే కేబుల్ తగిలించి రెండో కొస కంప్యూటర్‌కు పెడితే, మీరు మీటిన స్వరాన్ని అది గుర్తుపడుతుంది. మొదట ఒకటీ అరా స్వరాలిచ్చి, మనకు వచ్చేకొద్దీ పెంచుతుంది. తప్పిన చోటును నెమ్మది చేసి మళ్లీ మళ్లీ వాయించుకోవచ్చు. నిజంగా నేర్పే ఆట అంటే ఇదే, అందులో నాకు సందేహం లేదు. అయితే మణికట్టు ఎలా వంగిందో, బొటనవేలు ఎక్కడుందో దానికి కనబడదు. వాడు బొటనవేలు పైకి పాకించి మెడను గుప్పెట్లో పట్టుకుంటే అది ఏమీ అనలేదు.

ప్లాస్టిక్ గిటార్ వృథా పోయిందా అంటే, పోలేదు. కుడిచేయి పైకీ కిందికీ ఆగకుండా ఆడటం వాడికి మొదటిరోజే వచ్చింది. నారింజ బటన్ కోసం పరుగెత్తిన చిటికెన వేలు కూడా మిగతా వేళ్లతో సమానంగా పనికొచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ వేలు ఉందని గుర్తుకు రావడానికే నెలలు పడుతుందట. మిగిలినదంతా మొదటి నుంచే. ఇనప తీగ మీద పది నిమిషాలు నొక్కగానే "నొప్పి" అని చేయి విదిలించాడు. ఇక ఎఫ్ కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి మోగే గుత్తి) సంగతి చెప్పక్కర్లేదు. చూపుడు వేలు అడ్డంగా పరిచి ఆరు తీగలనూ ఒకేసారి అదమాలి. బటన్‌ను సగం నొక్కినా ఒకటే, పూర్తిగా నొక్కినా ఒకటే. తీగను సగం నొక్కితే అది బుర్రుమంటుంది.

అమ్మ తన ఎడమచేయి వాడి ముందు పెట్టింది. చూపుడు వేలు, మధ్య వేలు కొసల్లో తీగలు కోసిన చాళ్లు గట్టిపడి ఉన్నాయి. వాడు వాటిని గోటితో గీకి చూశాడు. "నొప్పి లేదా?" "లేదు. వేళ్లు జారడానికి కాస్త కొబ్బరినూనె రాస్తాను, అంతే."

తరవాత ఆవిడ గిటార్‌ను పట్టి పట్టి చూసి, వీణలాగే దీనికీ మెట్లున్నాయని కనిపెట్టింది. మెట్టుకు అరస్వరం, పన్నెండో మెట్టు దగ్గర పై షడ్జమం. "ఖాళీ తీగ స. ఒకటో మెట్టు రి. నాలుగు గ, ఐదు మ, ఏడు ప, ఎనిమిది ద, పదకొండు ని, పన్నెండు స." మాయామాళవగౌళ రాగం మొత్తం ఒక్క తీగ మీద వచ్చేసింది. కంప్యూటర్ లేదు, కేబుల్ లేదు. అమ్మ తొడ మీద ఆదితాళం వేస్తుంటే వాడు సరళీ వరస వాయించాడు. క్లాసులో కెమెరా ఆపేసిన పిల్లవాడే! ఎందుకు వాయించాడని అడిగితే, అది ఏదో హెవీ మెటల్ రాక్ పాటలా ఉందన్నాడు. తప్పు కాదని నా అభిప్రాయం. ఆ రిషభ ధైవతాల పదును అలాంటిదే.

ఇప్పుడు వారం రోజుల లెక్క ఇలా ఉంది: రాక్‌స్మిత్ నాలుగు రోజులు, ఆట ఆపేసి ఉత్తి గిటార్ రెండు రోజులు, ఆదివారం ఉదయం విజయవాడకు వీడియో కాల్. అక్కడ అప్పటికి రాత్రి అవుతుంది. అమ్మ ఫోను చెవికి ఆనించుకుని వింటుంది కాబట్టి మాకు తెర నిండా ఆవిడ చెవి, కమ్మ మాత్రమే కనిపిస్తాయి. మొన్న ఎఫ్ కార్డు వినిపించాడు. "చివరి తీగ మూగగా ఉంది, మళ్లీ" అంది. వాడు ఈసారి తెర చూడలేదు, వేలు సర్దుకుని మళ్లీ మీటాడు. ఇంకా మూగగానే ఉంది.