పాత ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ బిగించే ముందు

స్క్రాప్ షాపులో కొన్న ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను (ఇంజిన్ సిలిండర్లకు గాలి పంచే భాగం) కడగడానికి ముందే తలకిందులు చేసి, అరచేత్తో తట్టి, గట్టిగా కుదపండి. పాత ఇంజిన్ పిస్టన్ పగిలి ఆగిపోయి ఉంటే దాని ముక్కలు లోపలే ఉండొచ్చు. అల్యూమినియం ముక్క అయస్కాంతానికి అంటదు, కాబట్టి ప్రతి రన్నర్‌లోకీ (ఒక్కో సిలిండర్‌కు వెళ్లే గొట్టం) టార్చి వేసి చూడాల్సిందే. ఒక్కటి మిగిలినా మీ ఇంజిన్ పోతుంది.

త్రాటిల్ బాడీ (లోపలికి వెళ్లే గాలిని నియంత్రించేది), మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది), ఇంజెక్టర్లు, రబ్బరు సీళ్లు అన్నీ విప్పేయండి. ఈ మానిఫోల్డ్‌లు ఎక్కువగా గాజు పీచు కలిపిన నైలాన్‌తో చేస్తారు. యాసిడ్ తగిలితే నైలాన్ దెబ్బతింటుంది, బాత్‌రూమ్ క్లీనర్ల జోలికి పోవద్దు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు కలిపి రాత్రంతా నానబెట్టి, పొడవాటి సీసా బ్రష్‌తో తోమితే జిడ్డు వదులుతుంది. డీజిల్ బండిదైతే మసి గడ్డకట్టి ఉంటుంది, రెండు మూడు విడతలు పడుతుంది. గ్యాస్కెట్ (గాలి కారకుండా వేసే సీలు) కూర్చునే గాడిని మాత్రం స్క్రూడ్రైవర్‌తో గీకకండి. అక్కడ చిన్న గీత పడినా గాలి లీకై ఐడ్లింగ్ నిలకడగా ఉండదు. ప్లాస్టిక్ గరిటె చాలు.

కడిగాక అతుకుల వెంట, బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు వెతకండి. పగులు కనబడితే ఏదో జిగురుతో అతికించకుండా పక్కన పడేయడమే మంచిది. పీసీవీ (క్రాంక్‌కేస్ ఆవిర్లు తిరిగి ఇంజిన్‌లోకి వచ్చే దారి), మ్యాప్ సెన్సర్ సన్న రంధ్రాల్లోకి గాలి కొట్టి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. లోపల నీళ్లు నిలిచి ఉంటే స్టార్ట్ చేయగానే సిలిండర్‌లోకి పోతాయి.

కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులు మధ్య నుంచి చివర్లకు, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు బలం) బిగించండి.