ఐడియా చెప్పగానే బాస్ ఏమంటాడు?

మా ప్లాంట్‌లో బ్రేక్ అసెంబ్లీ లైన్ మీద ఒక ఐటీఐ ఫిట్టర్ కుర్రాడున్నాడు. బోల్టుల ట్రే అతని వెనకాల స్టాండు మీద ఉండేది. పీసు పీసుకీ వెనక్కి తిరిగి, వంగి, బోల్టులు తీసుకుని మళ్లీ ఇటు తిరగాలి. ఈ ఇబ్బంది పాత మేనేజర్‌కి ఒకసారి చెప్పాడు. "ముందు టార్గెట్ చూసుకో" అన్నాడాయన. కుర్రాడు మళ్లీ నోరెత్తలేదు.

కొత్త మేనేజర్‌గా మేడమ్ వచ్చాక లైన్ దగ్గర చాలాసేపు ఊరికే నిలబడి చూశారు. ఐడియాలేమైనా ఉన్నాయా అని అడగలేదు. "షిఫ్టు అయ్యేసరికి నీకు ఎక్కడ నొప్పి పుడుతుంది?" అన్నారు. నడుమన్నాడు. ఇక మిగతాదంతా అతనే చెప్పాడు. స్టోర్‌లో మిగిలిన పీవీసీ పైపు ముక్క ఇప్పించి, లంచ్ తర్వాత లైన్ నుంచి వదిలారు. బోల్టులు జారి చేతి దగ్గరకే వచ్చేలా పైపుని నిలువునా కోసి, ఏటవాలుగా బిగించాడు. మొదట బోల్టులు మధ్యలోనే ఇరుక్కున్నాయి. వాలు పెంచితే జారిపోయి నేలమీద పడ్డాయి. చివర్న రబ్బరు ముక్క అడ్డం పెట్టాక సరిగ్గా చేతి దగ్గర ఆగాయి. మర్నాడు షిఫ్టు మీటింగ్‌లో అతన్నే వివరించమని, మేడమ్ వెనక వరసలో నిలబడి విన్నారు. ఆ వారం నుంచే మిగతావాళ్లూ ఐడియాలు చెప్పడం మొదలుపెట్టారు. లైన్ లీడర్‌గా నాకు తెలిసినంతలో, వాళ్లెవరికీ కొత్తగా తెలివి రాలేదు. ఇన్నాళ్లూ లోపల దాచుకున్నవే అవన్నీ.

అన్నిటికీ ఆమె సరే అనరు. వాషర్ తీసేద్దామని ఒకతను అంటే, టార్క్ (బోల్టు బిగింపు బలం) రీడింగులు పక్కపక్కన పెట్టి చూపించి ఎందుకు కుదరదో చెప్పారు. అతను చిన్నబుచ్చుకోలేదు, ఇంకో ఆలోచనతో వచ్చాడు.

మా ట్రైనింగ్‌లో టయోటా కథ తప్పకుండా చెప్తారు. 1950లో టయోటా కంపెనీ పెద్దల్లో ఒకరైన ఎయిజీ టొయోడా అమెరికాలో ఫోర్డ్ ఫ్యాక్టరీ చూసొచ్చాడు, పనివాళ్లే మార్పులు సూచించే అక్కడి సజెషన్ పద్ధతిని 1951లో తమ దగ్గర మొదలుపెట్టారు. అది విని మా పైవాళ్లు మనిషికి నెలకి రెండు సజెషన్లు అని టార్గెట్ పెట్టారు. ఇది నాకు నిజంగా బాధగా ఉంది. నెలాఖరులో "ఫ్యాన్లు తుడవాలి", "లైట్లు ఆర్పాలి" అని టెన్షన్‌తో రాసిచ్చేస్తున్నారు. నోరు తెరిచి మాట్లాడటం ఇప్పుడిప్పుడే అలవాటైనవాళ్ల చేత ఇలా లెక్క నింపించడం అన్యాయం. టార్గెట్ ఎత్తెయ్యమని మేడమ్ మెయిల్ పెట్టారు. జవాబింకా రాలేదు.