రోమ్‌లో మార్చి 8

మహిళా దినోత్సవం నాడు రోమ్‌లో తిరగాలంటే ముందు చూసుకోవాల్సింది మెట్రో వేళలు. ఇటలీలో ఆ రోజు సెలవు కాదు. పైగా 2017 నుంచి మహిళా ఉద్యమకారులు సమ్మెకు పిలుపునిస్తున్నారు. రవాణా సిబ్బంది కూడా సమ్మెలో ఉంటే బస్సులు, మెట్రో ఉదయం 8.30 వరకు, మళ్లీ సాయంత్రం 5 నుంచి 8 వరకే గ్యారంటీ. అందుకే మేం ఎనిమిదిలోపే కొలోసియం దగ్గర దిగిపోయాం. ప్రభుత్వ మ్యూజియంలలో ఆ రోజు ఆడవాళ్లకు ప్రవేశం ఉచితం, మగవాళ్లు టికెట్ కొనాల్సిందే. వాటికన్ వేరే దేశం, అక్కడ ఈ లెక్క కుదరదు.

ఎక్కడ చూసినా మిమోసా రెమ్మలే. మన తుమ్మ జాతి చెట్టే, పసుపుపచ్చని బొడిపెల్లాంటి పూలు. 1946లో, అంటే ఇటలీ ఆడవాళ్లు తొలిసారి ఓటేసిన ఏడాది, అక్కడి మహిళా ఉద్యమ నాయకురాలు తెరెసా మత్తేయి వంటివారు దీన్ని ఈ రోజుకు గుర్తుగా ఎంచుకున్నారు. మొదట అనుకున్న వయొలెట్ పూలు ఖరీదు, ఇది మార్చి మొదట్లో ఊరి చుట్టూ విరగబూస్తుంది. బీదవాళ్లకూ అందాలన్న ఆలోచన నాకు భలే నచ్చింది. కొనేటప్పుడు రెమ్మను వేళ్లతో కొద్దిగా నొక్కి చూడండి. పూలు మెత్తగా, నూగుతో ఉంటే తాజావి. గట్టిపడి గింజల్లా తగిలితే ఎండిపోతున్నట్టే. తెగిన కొమ్మ నీళ్లు సరిగా పీల్చదు, హీటర్ ఉన్న గదిలో మరీ త్వరగా ముడుచుకుపోతుంది. కాడను ఏటవాలుగా కోసి, గోరువెచ్చని నీళ్లలో పెట్టి, చల్లని మూల ఉంచాలి.

రష్యాలోనూ ఇదే రోజున మిమోసా ఇస్తారు, అక్కడైతే ప్రభుత్వ సెలవు కూడా. కానీ ఏ పూలగుత్తి కట్టినా బేసి సంఖ్యే ఉండాలి. సరి సంఖ్య అంత్యక్రియలకు.

మిఠాయి దుకాణాల్లో మిమోసా కేకు పెడతారు. పలుచని పాకంలో తడిపిన స్పాంజి పొరల మధ్య గుడ్డుపచ్చసొన క్రీమ్, విప్డ్ క్రీమ్ కలిపి పూస్తారు. పైన ఇంకో స్పాంజిని సెంటీమీటరు ముక్కలుగా కోసి అద్దుతారు. అవే పూలు. గోధుమరంగు పైపెచ్చు మొత్తం చెక్కేయకపోతే పసుపు మురికిగా కనిపిస్తుంది, పాకం ఎక్కువైతే అడుగు పొర కుంగిపోతుంది. అద్దాల అరలో ముక్కల అంచులు నల్లబడి కనిపిస్తే పక్క దుకాణానికి నడవండి.