కానాగంతల పాట

విశాఖలో నాలుగు రోజులున్నాను. అరకు వెళ్లాం, బొర్రా చూశాం, సింహాచలంలో దర్శనమూ అయింది. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కొండ మీద క్యూలో గంట నిలబడ్డాను, అరకులో బొంగు చికెన్‌కు చెప్పిన రేటు విని పప్పన్నం తిన్నాను, అంతే. రాయాలనిపించింది ఒక్క పొద్దుట గురించి. ఆ పొద్దుట నా కుడిచేతి చూపుడు వేలు చేసిన నిర్వాకం గురించి.

ముందు కెమెరా సంగతి చెప్పాలి. మా నాన్నగారిది యాషికా ఎలక్ట్రో 35 ఒకటి నా దగ్గరుంది. ఫిల్ము కెమెరా, రేంజ్‌ఫైండర్. అంటే లెన్సులోంచి కాకుండా పక్కనున్న చిన్న కిటికీలోంచి చూసి, రింగు తిప్పి ఫోకస్ చేసే రకం. తెనాలి నుంచి జన్మభూమిలో వచ్చేటప్పుడు ఒళ్లోనే పెట్టుకుని వచ్చాను. ఎంవీపీ కాలనీలో మా బావమరిది దాన్ని చూసి నవ్వి, బీరువాలోంచి తన లైకా ఎం 240 తీసి, అదీ రేంజ్‌ఫైండరే కానీ డిజిటల్‌ది, చేతిలో పెట్టాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. ఎంతకో చెప్పలేదు, మా చెల్లెమ్మ అక్కడే ఉంది మరి. లెన్సుతో కలిపి కిలోకు కాస్త తక్కువ బరువు. మెడకు వేసుకుంటే ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టుంటుంది.

"షట్టర్ పక్కన ఎం అని చిన్న బటన్ ఉంది చూశారా బావగారూ, అది వీడియో. దాని జోలికి మాత్రం వెళ్లకండి" అన్నాడు. "రేంజ్‌ఫైండర్‌లో వీడియో ఏమిట్రా, పాయసంలో పచ్చిమిరపకాయలాగా" అన్నాను. అక్కడితో నా చెవులు మూసుకుపోయాయి. తప్పు కెమెరాది కాదు, చెప్పినవాడిదీ కాదు.

ఫిషింగ్ హార్బర్‌కు ఇది నా రెండో యాత్ర. మొదటిసారి మే నెలలో వచ్చాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకు నిషేధం, 61 రోజులు. అది తెలియక తెల్లవారుజామునే లేచి వెళితే బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి, వలలు కుట్టుకుంటున్నవాళ్లు నన్ను జాలిగా చూశారు. అందుకే ఈసారి డిసెంబర్. నాలుగున్నరకు ఆటో అడిగితే మూడొందలన్నాడు. ఫోన్‌లో యాప్ నూట నలభై చూపిస్తోంది, కానీ ఒక్కడూ రావడంలేదు. రెండొందల ఇరవైకి తెగింది. తెనాలిలో ఆ డబ్బుతో ఆటోవాడు గుంటూరు దాకా తీసుకెళతాడని అన్నాను. "అయితే తెనాలి ఆటోనే పిలవండి సార్" అన్నాడు. సరే, దారంతా నోరెత్తలేదు.

హార్బర్‌లో ముందు తగిలేది వాసన. చేపలది కాదు, డీజిల్‌ది. తర్వాత ఐసు పగలగొట్టే చప్పుడు. ఆ తర్వాతే చేపలు. నేల మీదే గుట్టలు పోస్తున్నారు. వంజరాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి, చందువలు వేరు, రొయ్యలు టబ్బుల్లో. కానాగంతలు మాత్రం ఎవరూ లెక్కచేయనట్టు కుప్పగా పోసేశారు. కాకులు, గద్దలు, పిల్లులు, తడి నేల మీద జారకుండా నడిచే విద్య తెలిసిన ఆడవాళ్లు. ఆ విద్య నాకు లేదు. ఒకసారి జారాను, కెమెరాను కాపాడి మోకాలు వదిలేశాను.

కానాగంతల గుట్ట దగ్గర చెవిలో పెన్సిల్ పెట్టుకున్న ఒక పొడుగాటి మనిషి పాట మొదలెట్టాడు. వేలంపాట అని మనం మామూలుగా అనేస్తాం. అది నిజంగా పాటేనని అక్కడ నిలబడితే తెలుస్తుంది. "నాలుగొందలూ నాలుగొందలూ నాలుగూ..." అని గొంతు లాగి, ఎవరో కనుబొమ్మ ఎగరేస్తే "యాభై!" అని తెంచి, మళ్లీ లాగుతాడు. నోరు విప్పి పాడేది అతనొక్కడే. కొనేవాళ్లు గడ్డంతో, వేలితో పాడుతున్నారు. గుట్ట పక్కన బిందె మీద కూర్చున్న ఒక పెద్దామె అయితే కాలి బొటనవేలు ఎత్తి దించుతోంది. మొదట అలవాటేమో అనుకున్నాను. ఎత్తినప్పుడల్లా ధర పెరుగుతోందని కాసేపటికి అర్థమైంది.

అదే నాకు కావాల్సిన ఫోటో. ఆ పాదం. వెండి మట్టెలు, మడమకు అంటుకుని మెరుస్తున్న పొలుసులు, పక్కన నీలం టబ్బు. కూర్చున్నాను, రింగు తిప్పాను. రేంజ్‌ఫైండర్‌తో పనిచేసినవాళ్లకు ఆ సుఖం చెప్పనక్కర్లేదు. చూసే కిటికీ మధ్యలో చిన్న లేత పలక, అందులో వస్తువు రెండుగా కనిపిస్తుంది. లెన్సు రింగు తిప్పుతుంటే ఆ రెండు బొమ్మలూ దగ్గరకొచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. రెండు మట్టెలు ఒక మట్టె అయింది. క్లిక్. ఇంకోటి. క్లిక్. పాట ముగిసేలోపు మొత్తం ఆరు.

"ఏటి బావూ, కొంతావా, బొమ్మలు తీసుకుంతావా?" అంది ఆమె, నా వైపు చూడకుండానే.

"కొంటానమ్మా. రెండు ఫోటోలు తీసుకుని కొంటాను."

"మా గుంటడు సెల్లులో తీస్తాడు. మాట కూడా వస్తాది. నీ దాంట్లో వస్తాదా?"

నేను కాస్త గర్వంగానే చెప్పాను. "రాదమ్మా. ఇది ఫోటోల కెమెరా. ఇందులో మాట పడదు."

"మాటే పడకపోతే మరి పాటేటి తెలుస్తాది?" అని బొటనవేలు ఎత్తింది. గుట్ట ఆమెకే పడింది. నా మాట నిలబెట్టుకోవడానికి అందులో పావు గుట్ట కొన్నాను. "పాటలో వచ్చిన రేటే బావూ, నీ దగ్గర లాబం ఏటుంది" అని నాలుగొందలు తీసుకుని బొడ్లో దోపుకున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. బేరమాడలేదు. ఆ పాదం ఫోటోకు అది తక్కువే అనుకున్నాను.

ఇంటికొచ్చి కార్డు కంప్యూటర్లో పెడితే పాదం లేదు. బోట్లు, వంజరాలు, పిల్లి, అన్నీ ఉన్నాయి. పాదం ఉండాల్సిన చోట మూడు వీడియోలు. నా వేలు షట్టర్ మీంచి జారి ఆ ఎం బటన్ మీద స్థిరపడింది. వీడియో మొదలవడానికి లోపల షట్టర్ తెరుచుకున్నప్పుడూ చప్పుడవుతుంది, ఆపినప్పుడూ అవుతుంది. నేను ఆ చప్పుళ్లను ఫోటోలుగా లెక్కేసుకున్నాను. ఆరు చప్పుళ్లు, మూడు వీడియోలు, సున్నా ఫోటోలు. కన్ను కిటికీకి ఆనించి ఉండటంతో వెనక తెర వెలిగిన సంగతే చూసుకోలేదు.

వాటిలో బొమ్మ ఏమీ లేదు. మొదటి క్షణం పాదం కనిపిస్తుంది, వెంటనే కెమెరా కిందికి దిగిపోతుంది. తర్వాత తడి సిమెంటు, నా చెప్పులు, ఒక కాకి, నా పొట్ట. కానీ పాట మొత్తం పడింది. ఐసు చప్పుడు, పెన్సిల్ మనిషి గొంతు, ఆ పెద్దామె మాట. మధ్యలో దర్జాగా నా గొంతు: "ఇందులో మాట పడదు."

ఆ రోజంతా నాకు మనసు బాగోలేదు. మధ్యాహ్నం బావమరిది నన్ను మరిపించడానికని భీమిలి బయల్దేరదీశాడు. 900కె బస్సు ఎక్కాం. రుషికొండ దాటాక ఎడమ కొండలు, కుడి సముద్రం, అంత మంచి కిటికీ సీటు దొరికి కూడా నేను వాదనలోకి దిగాను.

"అందుకే చెబుతున్నాను, రేంజ్‌ఫైండర్‌కు వీడియో ఉండకూడదు" అన్నాను. "లైకావాళ్లు 2012లో ఈ మోడల్‌తోనే పెట్టారు. 2017లో ఎం10 వచ్చేసరికి తీసేశారు. ఎం11లోనూ లేదు. వాళ్లకే తెలిసొచ్చింది."

"ఎం10లో వెనక తెర మీద లైవ్ వ్యూ ఉంది కదా బావగారూ. సెన్సరు చూడగలుగుతోంది, తెర చూపించగలుగుతోంది, దాన్ని దాచుకోవడానికి అడ్డేమిటి? ఉన్నదాన్ని వద్దనడం ఎందుకు? పదిహేను వేల ఫోన్ తీసే వీడియో లక్షల కెమెరా తియ్యనంటే ఎట్లా? వద్దనుకున్నవాళ్లు ఆ బటన్ నొక్కకుండా ఉంటే సరిపోయె." నొక్కకుండా అన్నచోట నావైపు చూశాడు.

నా వాదన ఇది. ఈ కెమెరాలో మనం చూసే కిటికీ వేరు, లెన్సు చూసే దారి వేరు. లెన్సు వెనక అంచు లోపలి చిన్న మీటను నొక్కుతుంది, ఆ మీట పలకలోని బొమ్మను జరుపుతుంది. అంతా ఇత్తడి పని, కరెంటుతో నిమిత్తం లేదు. కాబట్టి కిటికీలో అన్నీ స్పష్టంగానే ఉంటాయి, ఫ్రేము గీతల బయట నడిచొచ్చే మనిషి కూడా ముందే కనిపిస్తాడు. కానీ వీడియో తీయాలంటే కిటికీ వదిలి వెనక తెర చూడాలి. ఆ క్షణం నుంచి మీటా, పలకా అన్నీ అలంకారాలే. కదిలే మనిషి వెంట చేత్తో రింగు తిప్పాలి, ఆటోఫోకస్ లేదు, చేతి వణుకు ఆపే ఏర్పాటు లేదు. అంత కష్టపడి తీసినది ఫోన్ వీడియోకన్నా తీసికట్టుగా ఉంటుంది.

"మీరింకా వీడియో దగ్గరే ఉన్నారు. 2025లో ఆ కిటికీనే తీసేసి లోపల చిన్న తెర పెట్టిన ఎం కూడా తెచ్చారు" అన్నాడు. నాకు ఆ వార్త తెలుసు. తెలియనట్టే తొట్లకొండ వైపు చూశాను.

మా అక్క పెళ్లి గుర్తొచ్చింది. 1994, తెనాలి. వీడియో అతను ఒకడి చేత హాలోజన్ లైటు పట్టించి తిరుగుతుంటే మా అక్క కళ్లు మూసుకుపోయేవి, పురోహితుడికి చెమటలు. ఫోటోగ్రాఫరు పాపం ఆ లైటు వెనక ఎక్కడో మునిగాళ్ల మీద నిలబడ్డాడు. ఆ క్యాసెట్ చేతికొచ్చాక చూస్తే సన్నాయి లేదు, మంత్రాలు లేవు, మా తాతయ్య కేకలు లేవు. మొత్తం మీద సినిమా పాటలు వేశాడు! తలంబ్రాలకు ఒక పాట, అప్పగింతలకు ఇంకో పాట. అప్పట్లో అందరి పెళ్లిళ్లూ అంతే. ఇప్పుడా క్యాసెట్‌కు బూజు పట్టింది, ఆడించే మిషనూ లేదు. ఆల్బమ్ మాత్రం ఉంది, టిష్యూ కాగితాలతో సహా. ఇన్నాళ్లూ వీడియో మీద నా చిరాకుకు మూలం ఆ లైటు అనుకునేవాణ్ని. బస్సులో కూర్చుని ఆలోచిస్తే, సన్నాయి తీసేసినందుకని తోచింది.

"నాకు వీడియో వద్దురా" అన్నాను, మంగమారిపేట దగ్గర కాబోలు. "మైకు చాలు. ఫోటో తీస్తే ముందూ వెనకా నాలుగు క్షణాల చప్పుడు దాచే కెమెరా ఉంటే బావుణ్ణు. కిటికీ వదలక్కర్లేదు, తెర చూడక్కర్లేదు."

"ఫోన్‌లో రికార్డర్ ఉంది కదా."

"ఉంది. జేబులోనే ఉంది. గుర్తొచ్చిందా మరి?"

దీనికి అతని దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా పూర్తి జవాబు లేదు. ఎందుకంటే ఆ పాట దొరికింది నేను కాదన్న బటన్ వల్లే. రికార్డవుతోందని తెలిసి ఉంటే కెమెరా ఎత్తి ఆ పెద్దామె మొహానికి పెట్టేవాణ్ని, ఆమె కొంగు సర్దుకుని బిగుసుకుపోయేది, పాట పాడేవాడు కాస్త ఎక్కువ పాడేవాడు. ఇంకో ముల్లు కూడా ఉంది. మాట పడదని నేను చెప్పాకే ఆమె అంత స్వేచ్ఛగా మాట్లాడింది. ఫోటో కెమెరా ఎత్తితే ఏం తీసుకుంటున్నామో ఎదుటివాళ్లకు తెలుస్తుంది. ఇక్కడ నేనే తెలియక అబద్ధమాడాను. అందుకే ఆ వీడియో ఎక్కడా పెట్టలేదు, పెట్టను. మర్నాడు పొద్దున్నే యాషికా తీసుకుని మళ్లీ హార్బర్‌కు వెళ్లాను. ముందు ఆమెకు నిజం చెప్పి, తర్వాత ఫోటో అడుగుదామని. ఆమె రాలేదు. రెండొందల ఇరవై మళ్లీ ఆటోకు.

అంతకుముందు రోజు, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసి, మురీ మిక్చర్ తిని తిరిగొచ్చేసరికే రాత్రయింది. భోజనాల దగ్గర చెల్లెమ్మ ఆ వీడియో పెట్టమంది. రెండోసారి చూస్తున్నప్పుడు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి, "ఒక్కసారి ఆపండి అన్నయ్యగారూ" అంది. వెనక్కి జరిపించింది. పెన్సిల్ మనిషి గొంతు ఖంగుమని మోగింది: "ఎనిమిదొందల యాభై, మూడోసారీ!"

"గుట్ట మొత్తం ఎనిమిదొందల యాభైకి పోయింది. మీరు పావు గుట్ట ఎంతకు తెచ్చారన్నారు?"

నేను పళ్లెంలో ముల్లు ఏరుకుంటూ ఉండిపోయాను. బావమరిది తల వంచుకున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. "చూశారా, వీడియో ఉండాలంటే ఇందుకే" అన్నాడు కాసేపటికి.

ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తెనాలి తెచ్చుకున్నాను. మా ఆవిడకు ఇంకా వినిపించలేదు.