చుట్టాలు లేని చార్మినార్

పద్దెనిమిదేళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాను. చార్మినార్‌కు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు కానీ వెళ్ళినప్పుడల్లా వెంట చుట్టాలే. తెనాలి నుంచి పిన్ని వచ్చినా, పెళ్ళి గాజులకని ఆడపడుచు వచ్చినా నా ఉద్యోగం మారదు: పిల్లల తలలు లెక్కపెట్టడం, ఫొటోలు తీయడం, బేరం ముదిరితే మధ్యలో దూరడం, చీకటి పడకముందే అందరినీ ఇంటికి చేర్చడం. ఇవాళ ఎవరూ లేరు. కొనాల్సిందీ ఏమీ లేదు. మా వారిని రమ్మంటే దుప్పటి ముఖం మీదికి లాక్కుని "ఉన్నదే ఒక్క ఆదివారం" అన్నారు. నేనూ అదే అనుకుని చెప్పులేసుకున్నాను.

కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగేసరికి ఎనిమిది దాటింది. ఇక ఆటో ఎక్కేది లేదని ఒట్టు పెట్టుకున్నాను. ముందుగా ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి వెళ్ళాను. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు దీని కొమ్మలు పట్టుకుని 150 మందికి పైగా బతికి బయటపడ్డారని చెబుతారు. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నది ఆ వరదలోనే. చెట్టు కింద ఎవరి తాలూకో ఒక పెద్దావిడ స్టీలు కేరియరు విప్పి, మూతలో అన్నం కలుపుకుంటోంది. నేను పైకి కొమ్మల్లోకి చూస్తుంటే ఆవిడా ఒకసారి తలెత్తి చూసింది. కోతి ఉందనుకుందేమో, కేరియరు మూత దగ్గరికి లాక్కుంది.

నయాపూల్ మీద నిలబడితే మూసీ వాసన గురించి రాయాల్సి వస్తుంది, అందుకని నిలబడలేదు. కుడి చేతి వైపు హైకోర్టు గుమ్మటాలు, మదీనా కూడలి, ఆ తరువాత పత్తర్‌గట్టి. ఈ వీధిలో ఇన్నేళ్ళుగా నేను చూసింది వేలాడదీసిన చీరలూ షేర్వాణీలూ మాత్రమే. ఇవాళ షట్టర్లు దించి ఉన్నాయి కనుక వాటి వెనకున్న రాతి కమాన్లు కనిపించాయి. వరద తరువాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దిన రోజుల్లో కట్టినవి. ఒక స్తంభం మీద చెయ్యి వేస్తే, పొద్దుటి చలి ఇంకా రాతిలోనే ఉంది.

మచిలీ కమాన్ దాటి గుల్జార్ హౌజ్ చేరేసరికి ఆకలి కేకలు వేసింది. పక్క సందులో ఒక దోశ బండి. పెనం మీద పిండి తిప్పి, వెన్న ముద్ద వేసి, దాని మీద ఉప్మా, ఉల్లిపాయ, టమాటా, కారప్పొడి కుమ్మరించి గరిటెతో మెదిపేస్తున్నాడు. దోశ మీద ఉప్మా ఏం న్యాయమని నా గుంటూరు జిల్లా నాలుక గొణిగింది. పెసరట్టులో ఉప్మా చుట్టుకు తినే జాతి అడగవలసిన ప్రశ్న కాదని వెంటనే గుర్తొచ్చి నోరు మూసుకుంది. నిలబడే తిన్నాను. మోచేతి దాకా వెన్న కారింది.

చార్మినార్ 1591 నాటిది. దాని మీది గడియారాలు అందుకు దాదాపు మూడు వందల ఏళ్ళ తరువాత, 1889లో వచ్చాయి. ఇవాళ నాకు కొత్తగా తోచింది ఒకటుంది. దీన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా, అంటే మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు. తెలుగు వాచకంలో ఆ పేరు బట్టీపట్టాను, చరిత్ర పుస్తకంలో ఈ పేరూ బట్టీపట్టాను. ఇద్దరూ తండ్రీకొడుకులని ఏ టీచరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేనే వినలేదేమో.

మక్కా మసీదు వైపు ఇరానీ కేఫ్‌లో చాయ్, ఉస్మానియా బిస్కట్లు. డికాక్షన్ వేరుగా, చిక్కగా మరిగిన పాలు వేరుగా ఉంటాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. బిస్కట్టు ముంచే సమయం విషయంలో మాత్రం నాకు ఇంకా చేయి తిరగలేదు. రెండోది విరిగి అడుగున చేరింది. చెంచాతో తీసుకుని తిన్నాను, చూసేవాళ్ళు ఎవరూ లేరుగా.

లాడ్ బజార్‌లో దుకాణాలు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. వెనక సందులో తలుపు తీసి ఉన్న ఒక చిన్న గదిలో బొగ్గుల కుంపటి కనిపించి ఆగిపోయాను. "రండమ్మా, చూడటానికి డబ్బులు లేవు" అన్నాడు లోపలున్న ముసలాయన. లక్క ముద్దను నిప్పుల మీద వేడిచేసి పలక మీద దొర్లిస్తాడు. ఎర్ర లక్కను దాని మీద పూతలా పట్టిస్తాడు, లాగుతాడు, మళ్ళీ దొర్లిస్తాడు. చూస్తుండగానే ముద్ద సన్నటి కడ్డీ అయింది. దాన్ని తుంచి వంచి, కొసలు రెండూ అతికించి, కొయ్య అచ్చుకు తొడిగాడు. అతుకు ఎక్కడుందో నాకు కనిపించలేదు. పక్కన ఆయన భార్య ఆ గాజును మళ్ళీ వేడి చూపించి, ఆవగింజంత అద్దాల రాళ్ళను ఒక్కొక్కటీ నొక్కుతోంది. లక్క మెత్తగా ఉన్నంతసేపే రాయి కూర్చుంటుంది. అందుకే ఆవిడ తల ఎత్తకుండానే నాతో మాట్లాడింది. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా అని అడిగితే, "అవునట. పొయ్యి అదే, వేళ్ళూ ఇవే" అంది. వేళ్ళ చివర్లు నున్నగా మెరుస్తున్నాయి.

ఒక జత ఇవ్వమన్నాను. "రెండు ఆరు" అన్నాడాయన నా చెయ్యి చూసి. నాది రెండు నాలుగని గట్టిగా చెప్పాను. పెళ్ళినాడు పెట్టుకున్న కొలత, మరిచిపోతానా? ఆయన వాదించకుండా రెండు నాలుగే ఇచ్చాడు. బొటనవేలి కణుపు దగ్గర గాజు ఆగిపోయింది. అటూ రాదు, ఇటూ పోదు. ఆవిడ చేస్తున్న పని పక్కన పెట్టి, నా అరచేతిని రెండు వేళ్ళతో మడిచి ఎలా నొక్కిందో గానీ గాజు చల్లగా జారి బయటికొచ్చింది. "పెళ్ళై ఎన్నేళ్ళమ్మా?" అంది. "పంతొమ్మిది" అన్నాను. ముగ్గురం నవ్వాం. రెండు ఆరు తీసుకున్నాను. బేరం ఆడే మొహం మిగల్లేదు.

పురానీ హవేలీ దాకా నడిచాను. లోపల ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 176 అడుగుల బట్టల బీరువా ఉంది. గతంలో చూశాను, రెండో బీరువా అడగడానికి మా వారి దగ్గర ఉదాహరణగా వాడాను, ఫలించలేదు. ఇవాళ నేను వచ్చింది దాని దగ్గరి నాన్ దుకాణం కోసం. 1851 నుంచీ ఉందంటారు. నిజాం కొలువులో మున్షీగా పనిచేసిన ఆయన మొదలుపెట్టాడు కనుక పేరు మున్షీ నాన్. గుండ్రంగా ఉండదు, నాలుగు మూలల నాన్. బట్టీ లోపలి గోడకు పిండి చరిచి, ఉబ్బి మచ్చలు పడగానే ఇనుప కడ్డీలతో లాగి పడేస్తున్నారు. నా ముందున్న పెద్దాయన ఇరవై నాన్లు కట్టించుకున్నాడు. నేను మూడు అడిగితే కుర్రవాడు వెనక ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు చూశాడు.

తిరుగు ప్రయాణంలో ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఆటో ఎక్కాను. మెట్రోలో పొట్లం ఒళ్ళో పెట్టుకుంటే చీర మీదుగా వెచ్చదనం తెలిసింది. ఎదురుగా కూర్చున్న పిల్లాడు కూకట్‌పల్లి దాకా పొట్లాన్నే చూశాడు.

ఇంట్లో నిన్నటి దోసకాయ పప్పు ఉంది. దానితో నాన్ తినవచ్చని పాతబస్తీలో చెబితే నన్ను మళ్ళీ రానివ్వరు. మధ్య భాగం మెత్తగా, మూలలు కరకరలాడుతూ ఉన్నాయి. మూడు నాన్లకు పన్నెండు మూలలు. మనిషికి నాలుగని మా అమ్మాయి పంపకాలు చేసింది. మా వారు మాటల్లో పెట్టి ఐదోది లాగేశారు. రాత్రి గిన్నెలు కడుగుతూ నా చివరి మూలను పప్పు అడుగున అద్దుకుని తిన్నాను. కొత్త గాజులు తడుస్తాయని తీసి కిటికీలో పెట్టాను. రెండు ఆరు, ఇట్టే వచ్చేశాయి.