ఎన్డీఏ మొదటి ఏడాది: హైదరాబాద్‌లో ఉండి తల్లిదండ్రులు చేయాల్సిన పని

త్రివిధ దళాల ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) మెరిట్ లిస్టులో పేరు వచ్చిన రోజు నుంచి మొదటి రెండు టర్ములు (ఆరేసి నెలలు) గడిచేదాకా ఇంట్లోవాళ్ళకు పని బాగానే ఉంటుంది. పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో ఉన్న అకాడమీలో పిల్లాడి శిక్షణ వాడిది, అందులో మనం వేలు పెట్టేదేమీ లేదు. కాగితాలు, ఒంటి ఆరోగ్యం, ఫోన్లు, ప్రయాణాలు, సెలవులు మాత్రం మన చేతుల్లో ఉంటాయి. మా అబ్బాయి మొదటి ఏడాది పూర్తయింది కాబట్టి మాకు పనికొచ్చినవీ, మాలాంటి తల్లిదండ్రుల దగ్గర తెలుసుకున్నవీ రాస్తున్నాను.

ముందు కాగితాలు. ఏప్రిల్ పరీక్ష రాసినవాళ్ళు మామూలుగా జనవరిలో చేరతారు, సెప్టెంబర్ వాళ్ళు మరుసటి జూలైలో. జాయినింగ్ లెటర్ వచ్చాక మిగిలే వ్యవధి తక్కువ. అందుకే ఎస్ఎస్‌బీలో (రాతపరీక్ష తర్వాత జరిగే ఇంటర్వ్యూ) రికమెండ్ అయి మెడికల్ పూర్తి కాగానే పని మొదలుపెట్టాలి. మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా మిగులుతుంది, పాన్‌లో చివరికి పోతుంది. తండ్రి పేరుదీ ఇదే కథ. యూపీఎస్సీ పదో తరగతి మెమోనే ప్రమాణంగా తీసుకుంటుంది కాబట్టి మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్చాలి. మెమోను ఆధార్‌కు తగ్గట్టు మార్చే ప్రయత్నం చేయకండి, బోర్డు చుట్టూ తిరగడానికే నెలలు పడుతుంది. ముందు ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా, ఈ వరసలో వెళ్ళాలి. గడువులోగా పూర్తవకపోతే రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి ఫైల్లో పెట్టండి.

జనవరిలో చేరే పిల్లలు అప్పటికే బీటెక్ మొదటి సంవత్సరంలో ఉంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఇరుక్కుంటాయి. మిగిలిన ఫీజంతా కడితేనే ఇస్తామనే కాలేజీలు ఉన్నాయి. రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, దాని కాపీ మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటగా అడిగినన్నాళ్ళూ రేపు రమ్మంటూనే ఉంటారు.

బాండు, తల్లిదండ్రులు సంతకం పెట్టే ధ్రువపత్రాలు ఒకసారి కూర్చుని పూర్తిగా చదవాలి. సొంత ఇష్టంతో మధ్యలో మానేస్తే అప్పటిదాకా అయిన ఖర్చు వసూలు చేయవచ్చని, శిక్షణలో గాయమైతే పరిహారం కోరబోమని వాటిలో ఉంటుంది. రెండో మాట చదవగానే చాలామంది తల్లులు పెన్ను కింద పెట్టేస్తారు. అయితే శిక్షణలో గాయపడి వైద్య కారణాలతో బయటికి రావాల్సివచ్చిన క్యాడెట్లకు నెలనెలా ఎక్స్‌గ్రేషియా ఉంది. 2025 ఆగస్టు చివర్లో వాళ్ళకు ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) సదుపాయం కూడా ఇచ్చారు. ఇవి తెలిస్తే భయం పూర్తిగా పోదు గానీ, సంతకం దేనిమీద పెడుతున్నామో అర్థమవుతుంది.

బంధువులు అడిగే మొదటి ప్రశ్న జీతం ఎంత అని. ఎన్డీఏలో ఉన్న మూడేళ్ళూ జీతం లేదు. నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ ఆ తర్వాత డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీ (ఐఎంఏ), నౌకాదళానికి ఎజిమల, వైమానిక దళానికి మన దుండిగల్ లాంటి చోట్ల జరిగే చివరి ఏడాదిలో వస్తుంది. చదువు, భోజనం, యూనిఫాం, వైద్యం ప్రభుత్వానివే. చేరేటప్పుడు కట్టే డబ్బు, పాకెట్ అలవెన్స్, చిల్లర ఖర్చులు మనవి. సొంత ఖర్చులు మామూలుగా నెలకు 3,000 దాటవని నోటిఫికేషనే చెబుతుంది, అది నిజానికి దగ్గరగానే ఉంది. అంతకంటే ఎక్కువ వేసి ప్రయోజనం లేదు, మొదటి టర్మ్‌లో ఖర్చు పెట్టే తీరిక కూడా ఉండదు. ఆదాయం తక్కువున్న కుటుంబాలు ఆర్థిక సహాయానికి జిల్లా కలెక్టర్ ద్వారా అకాడమీ కమాండెంట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది తెలియక చాలామంది వదిలేస్తారు.

ఇక ఒళ్ళు. నా దృష్టిలో మొదటి ఏడాది ఎలా గడుస్తుందో సగం ఇక్కడే తేలిపోతుంది. చేరేనాటికి 2.4 కిలోమీటర్లు 15 నిమిషాల్లో పరిగెత్తాలి, పుషప్‌లు, సిటప్‌లు కనీసం 20 చొప్పున, చినప్‌లు 8, మూడు నాలుగు మీటర్లు తాడు ఎక్కడం రావాలని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. అది కనీస స్థాయి మాత్రమే. కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీల నుంచి వెళ్ళే మన పిల్లలకు తక్కువ నిద్రతో నెట్టుకురావడం అలవాటే. రెండేళ్ళుగా ఎండ తగలని ఎముకలు మాత్రం ఆ పరుగులకు సిద్ధంగా ఉండవు. కోరుకొండ సైనిక్ స్కూల్ నుంచి వచ్చినవాళ్ళతో పోలిస్తే తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది. కనీసం మూడు నెలల ముందు నుంచి, వారానికి నాలుగైదు రోజులు, దూరం మెల్లగా పెంచుకుంటూ మట్టి నేల మీద పరిగెత్తించండి. నెక్లెస్ రోడ్డు సిమెంటు కంటే ఉస్మానియా క్యాంపస్ మట్టిబాటలు నయం. ఈత రాకపోతే జీహెచ్ఎంసీ కొలనులో చేర్పించండి. అకాడమీలో ఈత పరీక్ష దాటక తప్పదు. నీళ్ళంటే భయం ఇక్కడే పోగొట్టుకుంటే ఆ సమయం డ్రిల్‌కు, చదువుకు మిగులుతుంది.

వెళ్ళేముందు విటమిన్ డి, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి, లోపముంటే డాక్టరు చెప్పినట్టు సరిచేయించాలి. అమ్మాయిలకు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) కూడా చూడాలి. 2022 నుంచి అమ్మాయిలూ చేరుతున్నారు, మొదటి బ్యాచ్‌లో 17 మంది శిక్షణ ముగించుకుని 2025 మే 30న బయటికి వచ్చారు. కాలి ఎముకల్లో సన్నటి పగుళ్ళు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్లు, అమ్మాయిల్లో ఎక్కువ. పుచ్చిన పళ్ళు, జ్ఞానదంతం పని కూడా ముందే ముగించండి.

ఈ స్ట్రెస్ ఫ్రాక్చర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పరుగు, డ్రిల్ ఒక్కసారిగా పెరిగినప్పుడు కండరం త్వరగా అలవాటు పడుతుంది, ఎముకకు వారాలు పడుతుంది. మూడో వారం నుంచి రెండో నెల దాకా ప్రమాదం ఎక్కువ. కాలి ముందు ఎముక పొడవునా గుంజితే అది చాలావరకు కండరాల అలసట. ఒకే చోట వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉండి, రాత్రి పడుకున్నా తగ్గకపోతే ఎముకను అనుమానించాలి. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎంఆర్‌ఐలో తెలుస్తుంది. పిల్లలు దీన్ని దాస్తారు. విశ్రాంతి రాస్తే శిక్షణ పోతుంది, ఎక్కువ రోజులు పోతే రెలిగేషన్ అని భయం. అలాగే పరిగెత్తితే సన్నని పగులు పూర్తిగా విరుగుతుంది, ఆరు వారాల్లో తేలాల్సింది ఆరు నెలలు పడుతుంది. అందుకే ఫోన్లో "బాగున్నావా" అని అడిగి ఊరుకోకండి. "ఒకచోట నొక్కితే నొప్పి ఉందా?" అని అడగండి.

రెలిగేషన్ అంటే ఆరు నెలలు వెనక్కి వెళ్ళి తర్వాతి కోర్సుతో అదే టర్మ్ మళ్ళీ చేయడం. చదువులో తప్పడం, పీటీ, ఈత పరీక్షలు దాటలేకపోవడం, క్రమశిక్షణ, అనారోగ్యం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మన దగ్గర ఇంటర్ తప్పినంత పరువు నష్టంగా చూస్తారు. ఇది అలాంటిది కాదు. వైద్య కారణంతో ఒకసారి రెలిగేట్ అయి తర్వాత మామూలుగా కమిషన్ పొందిన ఆఫీసర్లు ఎందరో ఉన్నారు. ఇంట్లో ఆ మాట అంటరానిది కాకుండా చూస్తే చాలు, నొప్పి దాచడం సగం తగ్గుతుంది.

సామాను జాయినింగ్ లెటర్లో రాసినంతే కొనండి. తిరుమలగిరి లాల్‌బజార్ వైపు దుకాణాల్లో చాలావరకు ఒకేచోట దొరుకుతాయి. అకాడమీలో ఇచ్చే వాటిని మళ్ళీ ఇక్కడ కొంటే డబ్బు దండగ, పైగా రంగు తేడా వస్తే వేసుకోనివ్వరు. జాబితాకు మించి మేము చెప్పేవి మూడే. నూలు సాక్సులు పది పన్నెండు జతలు, నెల రోజులు వాడి మెత్తబడ్డ రన్నింగ్ షూ, ఫంగస్ పౌడర్. జూలైలో చేరేవాళ్ళకు మూడోది తప్పనిసరి. ఖడక్‌వాస్లా వాన మన హైదరాబాద్ వాన కాదు, రోజుల తరబడి వదలదు. తడి సాక్సులు, ఆరని బనియన్లతో కాలి వేళ్ళ మధ్య, తొడల మధ్య ఒరుసుకుపోతుంది. ఆ మంటతో పరుగు సాగదు. జనవరి వాళ్ళకు చలి తెల్లవారుజాములు మొదట, ఏప్రిల్ ఎండ తర్వాత.

ప్రయాణంలో జరిగే పొరపాటు ఒకటుంది. క్యాబ్‌లో "ఖడక్‌వాస్లా" అని కొడితే సింహగడ్ రోడ్డు మీదుగా డ్యామ్ దగ్గర దింపుతాడు. అకాడమీ చెరువుకు అవతలి పక్క. "కొంఢ్వే" అంటే ఇంకో తంటా. అకాడమీ పక్కనున్నది కొంఢ్వే ధావడే, పుణెకు దక్షిణాన ఉన్నది కొంఢ్వా, రెండింటికీ చాలా దూరం. ఏడు వేల ఎకరాల పైచిలుకు ప్రాంగణం, గేట్లు కూడా ఒకటి కాదు. ఏ గేటుకు రమ్మన్నారో ముందే రాయించుకోండి. సికింద్రాబాద్ నుంచి మధ్యాహ్నం శతాబ్ది ఎక్కితే పుణెలో దిగేసరికి రాత్రి పదకొండవుతుంది, కాబట్టి ముందురోజే వెళ్ళి బస చేయాలి. వార్జే, కొత్రూడ్ వైపు గది చూసుకుంటే పొద్దున ట్రాఫిక్ తప్పుతుంది.

దించి వచ్చాక అసలు పరీక్ష ఫోను. మొదటి టర్మ్‌లో పిల్లల చేతిలో ఫోను ఉండదనే అనుకోండి. కాల్ పుణె ల్యాండ్‌లైన్ నుంచో తెలియని నంబరు నుంచో వస్తుంది. ఫోన్లో తెలియని నంబర్లను మూసేసే సెట్టింగ్ తీసేయండి, ట్రూకాలర్ స్పామ్ అన్నా ఎత్తండి. వెనుక వరసలో పిల్లలు నిలబడి ఉంటారు కాబట్టి మాట్లాడేది రెండు మూడు నిమిషాలే. వాడే మొదట మాట్లాడాలి. నానమ్మకు, చెల్లికి ఫోను అందిస్తూ కూర్చుంటే అసలు విషయం చెప్పకుండానే కాల్ అయిపోతుంది. అడగాల్సినవి కాలు నొప్పి, జ్వరం, దగ్గర్లో ఉన్న పరీక్ష, ఏమైనా పంపాలా, ఇంతే. ఇంట్లో గొడవలు, ఎవరి ఆపరేషనో, బావగారి అమెరికా ప్యాకేజీయో ఈ రెండు నిమిషాల్లో అక్కర్లేదు.

"నేను ఉండలేను, వచ్చేస్తా" అనే కాల్ మొదటి రెండు నెలల్లో చాలా ఇళ్ళకు వస్తుంది. నిద్ర చాలక, సీనియర్ల కేకలు భరించలేక, డ్రిల్ పరీక్ష దగ్గరపడి అంటారు. ఆ డ్రిల్ స్క్వేర్ టెస్ట్ దాటేదాకా ఆదివారం బయటికి వెళ్ళే అనుమతి (లిబర్టీ) కూడా ఉండదు, ఒత్తిడి అక్కడ పేరుకుంటుంది. "వచ్చేయ్" అనీ అనకండి, "పరువు తీస్తావా" అనీ అనకండి. "టర్మ్ పూర్తయ్యాక కూర్చుని మాట్లాడదాం, అప్పటికీ ఇదే మాటైతే నేనే వస్తా" అంటే చాలు, చాలామంది ఆ మాట మళ్ళీ ఎత్తరు. అలసట గొంతు వేరు, భయం గొంతు వేరు. కొట్టారని, గాయం దాచమన్నారని అర్థమైతే ఆగకూడదు. వాడు ఉండే దళం, అంటే స్క్వాడ్రన్, డివిజనల్ ఆఫీసర్‌కు (డీవో) నేరుగా ఫోన్ చేసి తేదీ, విషయం చెప్పాలి. డీవో నంబరు చేరిన రోజే తీసుకోండి. తెలిసిన కల్నల్ గారి ద్వారా చెప్పించడం మాత్రం వద్దు, అది పిల్లాడికే బరువవుతుంది.

ఉత్తరం ఇప్పటికీ పనిచేస్తుంది. క్యాడెట్ నంబరు, పేరు, స్క్వాడ్రన్ పేరు, నేషనల్ డిఫెన్స్ అకాడమీ, ఖడక్‌వాస్లా, పుణె 411023 అని రాయాలి. స్క్వాడ్రన్ రాయకపోతే తిరుగుతూ ఉండిపోతుంది. పార్సిల్‌లో పచ్చళ్ళ సీసాలు పంపకండి, పగిలితే క్యాబిన్ తనిఖీలో వాడికి శిక్ష. అడిగినదే పంపండి. డాక్టరు రాయని మందులు అసలు వద్దు.

హైదరాబాద్ పిల్లలకు హిందీ ఇబ్బంది లేదు. "నక్కో", "కైకూ" వినిపించిన ప్రతిసారీ బిహార్, హర్యానా కోర్స్‌మేట్లు నవ్వుతారు, అంతవరకే. గుంటూరు, శ్రీకాకుళం నుంచి నేరుగా వెళ్ళినవాళ్ళకు మొదటి నెల ఆదేశాలు అర్థం కావడమే కష్టం. చేరేముందు నెల రోజులైనా ఇంట్లో హిందీ మాట్లాడించండి. చదువు జేఎన్‌యూ డిగ్రీకి, తరగతులు ఇంగ్లీషులో. నిద్ర ముంచుకొస్తుంటే కూర్చోవడమే పెద్ద పని.

సెలవులు టర్మ్ చివర, జూన్‌లో, డిసెంబర్‌లో. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, తేదీ తెలిసిన రోజే రానూ పోనూ రెండూ చేసేయండి. వచ్చాక మూడు రోజులు పడుకుంటాడు, తింటాడు, బరువు తగ్గాడని మీరు బాధపడతారు. నెయ్యి మోతాదు మీద నాకు పేచీ లేదు. బైకు తాళాలు మాత్రం ఇవ్వకండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద పడి చెయ్యి విరిగితే తర్వాతి టర్మ్ అక్కడే ఆగుతుంది. క్రికెట్ టోర్నమెంట్లు, కొత్త జిమ్ బరువులు కూడా అంతే. రోజూ ఒక అరగంట మెల్లని పరుగు చాలు, పూర్తిగా మానేస్తే తిరిగి వెళ్ళిన వారంలో కాళ్ళు పట్టేస్తాయి.

సెలవులో డెంగీయో టైఫాయిడో వస్తే ఇంటి పక్క డాక్టరు చీటీతో గడువు దాటించకూడదు. జ్వరం తగలగానే స్క్వాడ్రన్‌కు ఫోన్ చేసి, తిరుమలగిరిలోని మిలిటరీ హాస్పిటల్‌లో చూపించి, ఆ కాగితంతోనే పంపాలి. లేకపోతే ఆ రోజులు సెలవు దాటి ఆలస్యంగా వచ్చినట్టే లెక్కకు వస్తాయి.