వెనక్కి తొక్కితే ఆగే సైకిల్‌తో నా మొదటి చలికాలం

బ్రేకు వైరు గొట్టంలో చేరిన నీరు గడ్డకట్టి, మీట నొక్కినా వెనక చక్రం ఆగని అనుభవం అంతకు ముందు చలికాలంలో రెండుసార్లు ఎదురైంది కాబట్టి, ఈసారి మంచు నెలలకని వేరే సైకిల్ తీసుకున్నాను. దీని గేర్లు వెనక చక్రం నడిమి హబ్బు లోపలే ఉంటాయి. వెనక బ్రేకుకు వైరే లేదు, పెడల్‌ను వెనక్కి అదిమితే పడుతుంది. ఆలోచన నాకు బాగా నచ్చింది గాని, కాళ్లకు నచ్చడానికి మూడు వారాలు పట్టింది.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కుడి పెడల్‌ను కాలి వేళ్లతో వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోవడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. ఇక్కడ అలా తిప్పబోతే అది బిగుసుకుపోతుంది. మొదటి రోజు పెడల్ అడుగున ఉండగానే దారి వదిలారు, నేను నేలను కాలితో తన్నుకుంటూ కదలవలసి వచ్చింది. ఎడమ పెడల్ వెనక ఉన్నప్పుడే దాన్ని అదిమి ఆగితే కుడి పెడల్ ముందుకు వచ్చి సిద్ధంగా ఉంటుందని తర్వాత తెలిసింది. అయితే ఎడమ కాలు దించగానే బ్రేకు వదులవుతుంది కనుక ముందు బ్రేకు పట్టుకునే ఉండాలి. అప్పటికీ లెక్క తప్పితే, వెనక చక్రాన్ని కాస్త ఎత్తి పెడల్‌ను ముందుకు తిప్పుకోవడమే మార్గం.

సన్న మేకులున్న టైర్లు మాత్రం అంత సతాయించలేదు. మేకులు రబ్బరులో కుదురుకోవడానికి మొదటి 50 కిలోమీటర్లు తారు రోడ్డు మీద, గట్టిగా బ్రేకు వేయకుండా నడిపాను. తారుపై గరగరమనే ఆ చప్పుడు మెత్తటి మంచులోకి దిగగానే అణిగిపోతుంది, అందుకని చీకట్లో నేను కళ్లకంటే ముందు చెవులను నమ్ముతున్నాను. నున్నటి గడ్డ మంచు మీద ఒరగకుండా వెడల్పుగా మలుపు తిరగడం త్వరగానే వచ్చింది. నన్ను పడేసింది అది కాదు, పగలు కరిగి రాత్రి బిగుసుకున్న చక్రాల చాళ్లు. ముందు చక్రం ఆ చాళ్ల అంచుకు ఒరుసుకుంటే ఏ మేకూ కాపాడదు. వాటిని వీలైనంత అడ్డంగా దాటాలి. ఆ దెబ్బ తర్వాత, పాదం నేలకు ఆనేలా సీటును రెండు సెంటీమీటర్లు దించాను.

మొన్న రోడ్లు ఆరి ఉన్నాయని పాత సైకిల్ తీశాను. మలుపు దగ్గర ఆగుదామని వెనక్కి తొక్కితే, పెడళ్లు ఊరికే గిర్రున తిరిగాయి.